కాకినాడ ఎదుట గోదావరి వేసిన గట్టు



మన గోదావరి జిల్లాల్లో పడవ ప్రయాణం అనగానే పాపికొండలే గుర్తొస్తాయి. 1973లో బాపుగారి ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’, రెండూ నదికి ఎదురీదిన కథలే. రాజమండ్రి రేవు నుంచి భద్రాచలం వైపు. నదిని ఎగువకే చూడాలని మనకెవరు నేర్పారో గానీ, అది సముద్రంలో కలిసే వైపు వెళ్లి ఒక రోజు గడుపుదామని అనుకునేవాళ్లు తక్కువ. నేను ఇవాళ ఆ దిగువ ప్రయాణం గురించి చెబుతాను. కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ గురించి.

కాకినాడలో జగన్నాథపురం దాటి చేపల రేవు దగ్గర నిలబడితే, మబ్బు లేని ఉదయం తూర్పున నీళ్ల మీద సన్నటి పచ్చ గీత కనిపిస్తుంది. పొగమంచేమో అనుకుని వదిలేసేవాళ్లున్నారు. అదే హోప్ ఐలాండ్. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. మొత్తం విస్తీర్ణం ఎనిమిది చదరపు కిలోమీటర్లు, ఆ పైన కొంచెం. దక్షిణాన గౌతమి సముద్రంలో కలిసే చోటి నుంచి ఉత్తరానికి, తీరానికి కాస్త ఎడంగా, కొడవలిలా వంగి ఉంటుంది. ఆ కొడవలికీ కాకినాడకీ మధ్య చిక్కిన నీళ్లే కాకినాడ అఖాతం.

ఈ దీవి గురించి నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది దాని వయసు. రాజరాజ నరేంద్రుడి కాలంలో అది లేదు, సరే. డచ్చివాళ్లు జగన్నాథపురంలో వ్యాపారం చేసుకుంటున్నప్పుడూ ఇవాళ మనం చూసే దీవి లేదు. దాని వయసు సుమారు రెండు వందల ఏళ్లంటారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టేనాటికి అది ఇంకా పెరుగుతున్న ఇసుక మేట. మనలో కొందరి ఇళ్లల్లో దూలాలకు దీనికంటే ఎక్కువ వయసు ఉంటుంది.

ఎలా పుట్టిందంటే, దాన్ని గోదావరే కట్టింది. త్ర్యంబకం దగ్గర బయల్దేరి దక్కను పీఠభూమి అంతా కోసుకుంటూ వచ్చిన ఒండ్రు, ఇసుక గౌతమి పాయలో దిగి సముద్రం ఒడ్డున పడతాయి. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు మన తీరాన్ని ఏటవాలుగా కొడతాయి. కొట్టిన ప్రతి అల గుప్పెడు ఇసుకను ఉత్తరానికి జరుపుతుంది. అలా జరిగి జరిగి, నది నోటికి ఉత్తరాన ఇసుక తిన్నెగా సాగింది. తిన్నె వెనక నీళ్లు నెమ్మదించాయి. నెమ్మదించిన నీళ్లలో మెత్తటి బురద పేరుకుంది. ఆ బురదలో మడ చెట్లు వేళ్లు దిగవేశాయి. దీవి కథ ఇంతే. కానీ దాని పర్యవసానం రెండు ఊళ్ల తలరాతను మార్చింది.

మొదటి ఊరు కోరంగి.

కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపే కోరంగి వస్తుంది. ఇప్పుడు బస్సులో వెళ్తుంటే కళ్లు మూసి తెరిచేలోపు దాటిపోయే ఊరు. ఒకప్పుడు బంగాళాఖాతంలో తిరిగే ఓడలు మరమ్మతుకు, కొత్త ఓడలు కట్టించుకోవడానికి, సరుకుకు ఇక్కడికే వచ్చేవి. పక్కనే తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే పనివాళ్లు ఈనాటికీ ఉన్నారు. గీసిన బొమ్మ చూసి కాదు, కంటికొలతతో మొదలుపెట్టి వంక తిప్పే చేతులవి. ఆ పని చూడటానికే ఒక పూట కేటాయించవచ్చు.

కోరంగి రేవు నుంచీ, తరవాత కాకినాడ రేవు నుంచీ మనవాళ్లు రంగం వెళ్లారు. రంగమంటే రంగూన్. వరి కోతలకు, మిల్లుల్లో పనికి, రేవులో మూటలు మొయ్యడానికి ఏటా వేలమంది ఓడలెక్కేవారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా, విశాఖ నుంచి వెళ్లినా, గోదావరి నుంచి వెళ్లినా బర్మాలో తెలుగు కూలీకి ‘కోరంగి’ అనే పేరే స్థిరపడింది. ఊరు పేరు మనిషికి పేరయిందన్న మాట. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, వెళ్లినవాళ్లంతా ఓడ దొరికితే ఓడలో, దొరక్కపోతే అడవుల్లో నడిచి తిరుగుముఖం పట్టారు. ఆ యుద్ధం మన ముంగిట్లోకి కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖతో పాటు కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి.

కోరంగికి రెండు పెద్ద గాయాలు తగిలాయి. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఒకటి, 1839 నవంబరు 25న వచ్చినది మరొకటి. మొదటిదాంట్లో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచాయని కలకత్తాలో తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ రాశాడు. సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు ఈయనే. 1839 ఉప్పెనలో మూడు లక్షల మంది పోయారని చాలా పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. ఆనాటి కోరంగి చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపినా అంత జనం ఎక్కడుంటారో నాకు అర్థం కాదు. అంకె ఎంతయినా కావచ్చు, రేవు మాత్రం తిరిగి లేవలేదు.

తిరిగి లేవకపోవడానికి ఉప్పెన ఒక్కటే కారణం కాదు. కోరంగి వైపు పాయ పూడుకుంటూ వచ్చింది. ఓడకు కావలసింది లోతు. ఇక్కడ ఏటేటా ఆ లోతు తగ్గింది. అదే సమయంలో ఉత్తరాన, ఇసుక తిన్నె చాటున, కాకినాడ ఎదుట నీళ్లు నిలకడగా మారాయి. బయట సముద్రం ఎంత ఎగిరిపడుతున్నా లోపల లంగరు వేసుకోవచ్చు. సరుకు పడవలు ఒడ్డుకూ ఓడకూ మధ్య తిరగొచ్చు. అలా గోదావరి మన్ను ఒక రేవును పూడ్చి ఇంకో రేవుకు గోడ కట్టింది. కాకినాడలో ఈనాటికీ యాంకరేజి పోర్టులో ఓడలు లోపల నిలబడి ఉంటే, బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్లి ఎక్కుతాయి. పెద్ద ఓడలు నేరుగా ఒడ్డుకు వచ్చే డీప్ వాటర్ పోర్టు 1997లో గానీ రాలేదు.

ఇక ప్రయాణానికి వద్దాం.

దీవికి వెళ్లడానికి రెండు దారులు. కాకినాడ రేవు నుంచి అఖాతం అడ్డంగా దాటడం ఒకటి. కోరంగి దగ్గర అటవీ శాఖ వారి కేంద్రం నుంచి మడ అడవి మధ్య ఏటి కాలువల్లో దిగి, సముద్రపు నోటి నుంచి బయటపడి వెళ్లడం రెండోది. మొదటిది తొందరగా అవుతుంది. నేను రెండోదాన్నే చెబుతాను, ఎందుకంటే దీవి ఎలా పుట్టిందో కళ్లకు కట్టేది ఆ దారే.

ఆ దారికి ముందే చొల్లంగి తగులుతుంది. పుష్య బహుళ అమావాస్యను మనవైపు చొల్లంగి అమావాస్య అనే అంటాం కదా. సప్త సాగర యాత్ర చేసేవాళ్లు ఆ రోజు ఇక్కడ గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసేచోట తొలి స్నానం చేసి, కోరంగి మీదుగా ఒక్కొక్క పాయ నోటి దగ్గరా మునుగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరతారు. అంటే డెల్టా తీరమంతా కాలినడకన, పడవలమీద చుట్టిరావడం మనకు కొత్త కాదు. పర్యాటకం అన్న పేరు లేకుండానే పూర్వం చేశారు. కాకపోతే వాళ్లకు పుణ్యం కావాలి, మనకు ఫొటోలు కావాలి.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అడవి మధ్య చెక్కలతో వేసిన నడకదారి ఉంటుంది. దాని మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేలవేల మేకులు పైకి గుచ్చినట్టు కనిపిస్తాయి. అవి మడచెట్ల ఊపిరి వేళ్లు. ఉప్పుబురదలో గాలాడదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి గాలి పీలుస్తుంది. ఆ వేళ్ల మధ్య కళ్లు నెత్తిమీద పెట్టుకున్న బురదచేపలు గెంతుతుంటాయి. మాతో వచ్చిన మేనకోడలు ఒకటే ప్రశ్న వేసింది: “మావయ్యా, అది చేపా, కప్పా?” నీళ్లలోనూ బతుకుతుంది, బురద మీదా బతుకుతుంది, అంతవరకు చెప్పి ఊరుకున్నాను.

ఈ అడవిలో అపురూపమైన జంతువు బావురుపిల్లి. మామూలు పిల్లికి రెండింతలు ఉండి, నీళ్లలో దిగి చేపలు పట్టుకుంటుంది. రాత్రిపూట తిరిగే జంతువు గనక పగటి పడవలో దాన్ని చూస్తామని ఆశ పెట్టుకోకండి. నీటికుక్కలు మాత్రం అదృష్టం బాగుంటే ఒడ్డున పాకుతూ కనిపిస్తాయి. లకుముకిపిట్టలు, కొంగలు సరే సరి.

పడవ బయల్దేరే వేళ మనం నిర్ణయించేది కాదు. మా సరంగు ఉదయమే తేల్చి చెప్పాడు. “మేష్టారూ, టైము మీ వాచీ చూసి చెప్పేది కాదండీ. పోటెక్కాక వెళ్తాం, పాటు దిగేలోగా వచ్చెయ్యాలి. మధ్యలో కాలవలో ఆగామా, మళ్లీ పోటొచ్చేదాకా దోమలతో కబుర్లేనండీ.” పోటంటే నీరు పైకెక్కడం, పాటంటే దిగిపోవడం. ఇక్కడి వేటగాళ్లకు చంద్రుడే క్యాలెండరు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. అష్టమికీ నవమికీ మందగిస్తుంది.

కాలవలో వెళ్తున్నంతసేపూ రెండు పక్కలా మడచెట్ల గోడలే. గాలి లేదు, ఇంజను చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. అక్కడక్కడ చెట్లకు కట్టిన వలలు, పీతలకు పెట్టిన బుట్టలు. ఒక చిన్న నావలో ఒకావిడా, ఆమె కొడుకు కాబోలు ఒక కుర్రాడూ మండపీతలు కట్టి బుట్టలో వేస్తున్నారు. మావాళ్లలో ఒకాయన బేరం ఆడబోతే ఆమె నవ్వేసి, “ఇవి కొనుక్కునేవాళ్లు రేవులో కూచున్నారండీ బాబూ, మీకిస్తే అప్పు తీరదండీ” అంది. పెట్టుబడి పెట్టిన వ్యాపారికే సరుకు ఇవ్వాలి, అదీ ఈ తీరంలో లెక్క. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి నాకు హక్కు లేదు, కానీ పడవ ప్రయాణంలో అందమైన దృశ్యాల మధ్య ఈ మాట వినపడిందని చెప్పకుండా ఉండలేను.

కాలవ నోరు దాటగానే గాలి మారుతుంది. ఎదురుగా అఖాతం. నీళ్ల రంగు టీ రంగు నుంచి బూడిదరంగుకు, అక్కడి నుంచి ఆకుపచ్చకు మారుతూ పోతుంది. లోతు చాలాచోట్ల తక్కువే. సరంగు నీటిని చూసి, ఎక్కడ తిన్నె ఉందో అక్కడ పడవను చుట్టు తిప్పి తీసుకెళ్తాడు. ఉత్తరాన దూరంగా లంగరేసిన ఓడలు వరసగా కనిపిస్తాయి.

దీవి చేరాక జెట్టీ ఏమీ ఆశించకండి. మోకాలిలోతు నీళ్లలో దిగి నడవాల్సిందే. చెప్పులు చేతిలో, సంచి నెత్తిన. దిగినవైపు పడమర. అంటే అఖాతం వైపు. ఇక్కడ బురద, మడచెట్లు, పీతల బొరియలు. పాదం దిగబడి, తీస్తే చప్పుడు చేసే బురద. ఇసుక మీద పాకే తీగల్ని, ఊదారంగు పూలనీ తొక్కుకుంటూ తూర్పుకు కాస్త నడవండి. ఒక్కసారిగా చెట్లు తొలగిపోయి అసలు సముద్రం ముఖాన కొడుతుంది. తెల్లటి ఇసుక, మనిషెత్తు అలలు, చెవులు హోరెత్తే గాలి. వెనక్కి తిరిగి చూస్తే చెట్ల సందుల్లోంచి అఖాతం కదలకుండా మెరుస్తుంటుంది. పావుగంట నడకలో రెండు సముద్రాలు. ఎన్ని బీచ్‌లు చూసినా ఇలాంటిది నేను ఇంకోచోట చూడలేదు. దీవి ఏం పని చేస్తోందో చెప్పడానికి ఏ బోర్డూ అక్కర్లేదు. తూర్పు ఒడ్డున దెబ్బ తింటూ పడమర ఒడ్డున శాంతిగా ఉంది.

2004 డిసెంబరు 26 సునామీ నాడు కాకినాడ పట్టణానికి పెద్ద నష్టం జరగలేదు. ఆ రోజు ఈ దీవి అడ్డుపడిందని ఊళ్లో అందరూ చెబుతారు. 1996 నవంబరు 6 తుపాను నాడు మాత్రం డెల్టా అంత తేలిగ్గా బయటపడలేదు. కోనసీమ, భైరవపాలెం వైపు వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది సముద్రం మీద ఉన్న బెస్తలు. దీవి ఊరిని కాయగలదు గానీ, దాన్ని దాటి వేటకు వెళ్లినవాణ్ని కాయలేదు.

దీవి మీద ఒక పాత లైట్‌హౌస్ ఉంది. పల్లెకారుల గుడిసెలు కొన్ని ఉన్నాయి. మంచినీళ్లు అవతల నుంచే రావాలి. అందుకే మనం వెళ్లేటప్పుడు మన నీళ్లు మనం పట్టుకెళ్లాలి, అక్కడివాళ్ల బిందెల వైపు చూడకూడదు.

జనవరి నుంచి మార్చి దాకా తూర్పు ఒడ్డుకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, నూరు గుడ్ల దాకా పెట్టి, పూడ్చేసి వెళ్లిపోతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. గుడ్డులో ఉన్నది ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడెక్కువైతే ఆడవి ఎక్కువ. కుక్కలూ నక్కలూ తవ్వుకుపోకుండా అటవీ శాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట మళ్లీ పాతిపెడతారు. ఇది సంతోషకరమైన భాగం. రెండో భాగం ఏమిటంటే, అదే కాలంలో ఈ తీరంలో చచ్చిన పెద్ద తాబేళ్లు కొట్టుకొస్తుంటాయి. ట్రాలరు వలలో చిక్కుకుంటే తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోలేదు. వలలో తప్పించుకునే కిటికీ పెట్టాలని నిబంధన ఉంది. కిటికీలోంచి తాబేలుతో పాటు చేపా పోతుందని వేటగాళ్ల బాధ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యాంత్రిక వేటకు విరామం ఉంటుంది గానీ, తాబేళ్లు వచ్చేది ఆ విరామానికి ముందు.

ఇలాంటి చోటికి మనుషులను ఎలా పంపాలన్నదానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఐర్లండ్ పడమటి తీరంలో స్కెలిగ్ మైకేల్ అని ఒక రాతిదీవి ఉంది. వెయ్యేళ్లకు పైబడిన క్రైస్తవ సన్యాసుల రాతిగుడిసెలు దాని మీద ఉన్నాయి. 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడికి పడవలు వేసవి నెలల్లోనే వెళ్తాయి. రోజుకు సుమారు 180 మందిని మించి దిగనివ్వరు. సముద్రం బాగా లేకపోతే, ఎంత దూరం నుంచి వచ్చినా, టికెట్టు చేతిలో ఉన్నా, ఆ రోజుకు ప్రయాణం లేదంటే లేదు. వాళ్లది రాయి, మనది ఇసుక. వాళ్ల దీవి సన్యాసుల కంటే పాతది, మనది మన ముత్తాతల కంటే కొంచెమే పాతది. ఇసుక దీవికి మరింత జాగ్రత్త కావాలి కదా. మనం మాత్రం ‘ఇంకో ఇద్దరు ఎక్కితే ఏం పోయింది’ అంటాం.

ఏం పోతుందో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర చూశాం. పాపికొండలకు వెళ్తున్న పడవ వరద గోదావరిలో మునిగి పదుల మంది పోయారు. నెల దాటాక ఆ పడవను పైకి తీసినవాళ్లు మన కాకినాడవాళ్లే, ధర్మాడి సత్యం బృందం. కాబట్టి లైఫ్ జాకెట్ ఉక్కపోస్తోందని విప్పకండి. సరంగు “ఇవాళ వద్దండీ” అంటే బతిమాలకండి.

ఒక మాట ఉప్పాడ గురించి. కాకినాడకు ఉత్తరాన, జాందానీ చీరల ఊరు. 2021లో వచ్చిన ‘ఉప్పెన’ సినిమాలో చూసిన తీరం అదే. అక్కడ సముద్రం ఇళ్లను, గుళ్లను, రోడ్డును తినేస్తోంది. ఇసుక నింపిన పెద్దపెద్ద గొట్టాలతో గోడ కడితే అదీ చినిగింది. కారణాలు చాలా చెబుతారు. ఉత్తరానికి నడవాల్సిన ఇసుకలో కొంత హోప్ ఐలాండ్ దగ్గరే నిలిచిపోతుందనీ, మరికొంత పోర్టు కట్టడాలు ఆపుతాయనీ, దీవి పెరిగేకొద్దీ అలలు వంగి కొట్టే చోటు మారిందనీ అంటారు. దానికి తోడు నది తెచ్చే మన్నే తగ్గింది. పైఠాన్ దగ్గర జాయక్వాడీ నుంచి పోచంపాడు దాకా ప్రతి జలాశయం తన వాటా ఒండ్రును అడుగున దాచుకుంటోంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారినట్టు వరద వస్తే ఇప్పటికీ మన్ను దిగుతుంది. మామూలు ఏడాదిలో మాత్రం వెనకటంత రాదు. గోదావరి మన్ను కాకినాడకు కాపలా కాసినంత నిక్కచ్చిగా ఉప్పాడకు కాయలేదు. హోప్ ఐలాండ్‌ను పొగిడే కరపత్రాల్లో ఈ సగం కథ ఉండదు.

వెళ్లదలచుకున్నవాళ్లకు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. తుపాను హెచ్చరిక ఉన్న వారం, వానాకాలం వద్దు. బోట్లు రోజూ ఉంటాయనుకోకండి. అటవీ శాఖవారినీ పర్యాటక శాఖవారినీ ముందే అడగండి, అనుమతి తీసుకోండి. పోటు వేళ కనుక్కుని బయల్దేరండి. పులిహోర కట్టుకెళ్తే విస్తరాకుతో సహా వెనక్కి తెచ్చుకోండి. చీకటిపడే దాకా తూర్పు ఒడ్డున ఉండిపోయి తాబేళ్లకు టార్చిలైటు కొట్టకండి, అవి వచ్చిన దారినే వెనక్కి పోతాయి. సాయంత్రం కాకినాడ చేరాక కాజా తినేదీ, సుబ్బయ్య హోటల్లో భోంచేసేదీ మీ ఇష్టం, అది నేను చెప్పాలా!